‘దయచేసి వినండి’ని వయొలిన్ మీద విన్నాక

ఈ వేసవిలో బెజవాడ వెళ్ళినప్పుడు సత్యనారాయణపురంలో మా బాబాయికి అమెరికన్ కంపోజర్ స్టీవ్ రైష్ ‘డిఫరెంట్ ట్రైన్స్’ వినిపించాను. బాబాయి నలభై ఏళ్ళుగా వయొలిన్ పాఠాలు చెబుతున్నారు. “ఇదేంట్రా, వాయించిందే వాయిస్తున్నారు” అన్నారు మొదట. కాసేపటికి కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టారు.

రైష్ దీన్ని 1988లో క్రోనోస్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో ఉన్న నలుగురి బృందం) కోసం రాశారు. తల్లిదండ్రులు విడిపోవడంతో ఆయన చిన్నతనంలో, 1939-42 మధ్య, న్యూయార్క్‌కీ లాస్ ఏంజెలెస్‌కీ రైళ్ళలో తిరిగారు. అదే సమయంలో యూరప్‌లో ఉండి ఉంటే, యూదుడిగా తాను వేరే రైళ్ళు ఎక్కాల్సి వచ్చేదని పెద్దయ్యాక తట్టింది. తన ఆయా మాటలు, నాజీలు యూదులపై జరిపిన మారణహోమం (హోలోకాస్ట్) నుంచి బతికి బయటపడ్డవాళ్ళ మాటలు రికార్డు చేసి, ఆ మాటల్లోని స్వరాలనే వాద్యాలకిచ్చారు. ఆడవాళ్ళ గొంతును వయోలా (వయొలిన్ కన్నా కొంచెం పెద్దది), మగవాళ్ళ గొంతును సెల్లో (ఇంకా పెద్దది, మంద్రంగా పలికేది) అనుసరిస్తాయి.

అది చెప్పగానే బాబాయి వయొలిన్ తీశారు. బెజవాడ స్టేషన్లో వినబడే ‘దయచేసి వినండి’ని పలికించారు. ‘వినండి’ దగ్గర చిన్న జారు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి. నాలుగోసారికి అది అనౌన్స్‌మెంట్‌లా లేదు, కృతిలో సంగతిలా ఉంది.

చిన్న ముక్కనే మళ్ళీ మళ్ళీ వాయిస్తూ కొద్దికొద్దిగా మార్చే ఈ పద్ధతిని మినిమలిజం అంటారు. ఇందులో మన వాటా ఉన్న మాట నిజమే. 1960లలో పారిస్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్‌తో పనిచేశాకే మరో అమెరికన్ కంపోజర్ ఫిలిప్ గ్లాస్‌కి చిన్న చిన్న లయలు కూర్చుకుంటూ పెద్ద నడక కట్టడం పట్టుబడింది. కానీ అంతా మన దగ్గర్నుంచే వెళ్ళిందని సభల్లో చెప్పుకోవడం నాకు నచ్చదు. రైష్ ఘానాకి వెళ్ళి అక్కడి డ్రమ్స్ నేర్చుకున్నారు. తర్వాత సొంత రైళ్ళ దగ్గరికి వచ్చారు. తర్వాతి తరం కంపోజర్ బ్రైస్ డెస్నర్ 2009లో క్రోనోస్‌కే ‘అహైమ్’ రాశారు. యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో ఆ మాటకి ‘ఇంటివైపు’ అని అర్థం. అమెరికాకి వలస వచ్చిన తాతముత్తాతల కథలే దానికి మూలం.

వలస కథలు మనకి తక్కువా? వలస వచ్చిన మన ఇళ్ళ పిల్లలు స్కూల్ ఆర్కెస్ట్రాల్లో వయోలా, సెల్లో చక్కగా వాయిస్తున్నారు. మన స్టేజీ ఎక్కితే మాత్రం వాళ్ళ చేత ట్రాక్ మీద సినిమా పాటే వాయిస్తాం. వచ్చే ఉగాదికి నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక అమ్మమ్మ వాయిస్ మెసేజ్ ఇచ్చి పది నిమిషాల క్వార్టెట్ రాయించమని మన తెలుగు సంఘాన్ని అడుగుతున్నాను. తెలిసిన కంపోజర్ ఒకరు పక్కనుంటే చాలు.

బాబాయి వాయించింది నా ఫోన్‌లో ఉంది, నలభై సెకన్లు. మా అమ్మాయి సెల్లో మీద దాన్ని పట్టుకునే పనిలో ఉంది. ‘దయచేసి’ వచ్చేసింది. ‘వినండి’ దగ్గర జారు ఇంకా కుదరలేదు.