కొత్త ప్రాసెసర్, పాత బోర్డు: అడ్డుపడేది పిన్నులా, కంపెనీలా?

కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునే ప్రతివాళ్లూ దుకాణంలో అడిగే ప్రశ్న ఒకటుంది: రెండు మూడేళ్ల తర్వాత వచ్చే ప్రాసెసర్ ఈ మదర్‌బోర్డులో పడుతుందా? సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, ఇంకెక్కడ అడిగినా, సాధారణంగా సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) పేరు చూసి జవాబు చెబుతారు. అది సగం జవాబే. సాకెట్ కలవకపోతే ప్రాసెసర్ పట్టదు, నిజమే. కలిసినంత మాత్రాన పనిచేయాలని లేదు. ఆ మిగతా సగాన్ని తేల్చేది చాలాసార్లు కంపెనీ వ్యాపార లెక్క.

2017 అక్టోబరులో ఇంటెల్ ఏం చేసిందో చూడండి. ఎనిమిదో తరం కాఫీ లేక్ ప్రాసెసర్లు వచ్చాయి. సాకెట్ పేరు పాతదే, ఎల్‌జీఏ 1151. ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే కాంటాక్టుల (పిన్నుల) సంఖ్య మారలేదు. అయినా అదే ఏడాది జనవరిలో విడుదలైన జెడ్270 బోర్డుల్లో అవి పనిచేయవని కంపెనీ తేల్చేసింది, జెడ్370 కొనాల్సిందే. కోర్లు నాలుగు నుంచి ఆరుకు పెరిగాయి కాబట్టి కరెంటు అందించడానికి మరిన్ని కాంటాక్టులు కావాలన్నది ఇంటెల్ వివరణ. ఇది పూర్తిగా సాకు కాదు. అంతకుముందు ఖాళీగా ఉంచిన కొన్ని కాంటాక్టులను నిజంగానే విద్యుత్తుకు మళ్లించారు. కానీ కొందరు ఔత్సాహికులు బోర్డును మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌ను సవరించి, కొన్ని కాంటాక్టుల మీద టేపు అతికించి, అవే ప్రాసెసర్లను పాత బోర్డుల మీద నడిపి చూపించారు.

ఇంటెల్ పోటీదారు ఏఎండీ కూడా దానకర్ణుడేమీ కాదు. 2016లో మొదలైన ఏఎం4 సాకెట్‌ను 2020 వరకు కొనసాగిస్తామని మాటిచ్చిన ఆ కంపెనీ, తీరా 2020 మే నెలలో, రాబోయే రైజెన్ 5000 శ్రేణి 500 సిరీస్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను బోర్డులోని మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న కొత్త బోర్డుల్లోనే నడుస్తుందని ప్రకటించింది. బయోస్ చిప్‌లో చోటు చాలదని కారణం చెప్పింది. పాత బోర్డుల్లో చాలావాటికి ఉన్నది 16 ఎంబీ చిప్పే. ఏఎం4 మీదికి వచ్చిన అన్ని తరాల ప్రాసెసర్లకూ కావాల్సిన కోడ్ అందులోనే ఇమడాలి. ఆ ఇబ్బంది కల్పితం కాదు. 2019లో రైజెన్ 3000కు చోటు చేయడానికి బోర్డుల తయారీదారు ఎంఎస్ఐ కొన్ని బోర్డుల బయోస్‌లో హంగులు తగ్గించింది, ఆ తర్వాత 32 ఎంబీ చిప్‌తో ‘మ్యాక్స్’ బోర్డులు తెచ్చింది. అయినా కొన్నవాళ్లు ఊరుకోలేదు. అదే నెలలో ఏఎండీ వెనక్కి తగ్గి 400 సిరీస్‌లోని బీ450, ఎక్స్470 బోర్డులకు అనుమతినిచ్చింది. ఇంటెల్ పన్నెండో తరం గట్టి పోటీ ఇచ్చాక, 2022లో 300 సిరీస్ బోర్డులకూ తలుపు తీసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ అలా 2017 నాటి బోర్డుల్లో కూర్చోగలిగింది. ఈలోగా ఆ బోర్డుల మీది బయోస్ చిప్ ఏమీ పెద్దది కాలేదు. పెరిగింది పోటీ ఒక్కటే.

సాకెట్ మార్చడానికి గట్టి కారణం ర్యామ్ తరం మారినప్పుడు దొరుకుతుంది. ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్‌లోనే ఉంటుంది. అందుకే కొత్త తరం ర్యామ్ డీడీఆర్5తో పాటు 2022లో ఏఎండీ 1718 కాంటాక్టుల ఏఎం5కు మారింది. దాన్ని తప్పుపట్టలేం. కూలర్ బిగించే కొలతలను ఏఎం4 నుంచే కొనసాగించడం మెచ్చుకోదగిన పని కూడా.

ఏఎం5 మీద 2027 వరకు, ఆ తర్వాత కూడా ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ 2024లో చెప్పింది. ఇంటెల్ దారి వేరు. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700 మూడు తరాలు నడిచింది. 2024 అక్టోబరులో దాని స్థానంలోకి 1851 వచ్చింది. రాబోయే నోవా లేక్ ప్రాసెసర్లకు మళ్లీ కొత్త సాకెట్ అన్న వార్తలు గట్టిగానే వినిపిస్తున్నాయి.

అసలు ప్రాసెసర్ ఒక్కటే మార్చేవాళ్లు ఎంతమంది, అయిదారేళ్లకు మొత్తం కంప్యూటరే మారుస్తారు కదా అని ఇంటెల్ వైపు మాట్లాడేవాళ్లు అంటారు. మంచి ప్రశ్నే, కానీ ఎప్పుడూ బోర్డు బాగుండి ప్రాసెసర్ పాతబడుతుందనే ఊహిస్తుంది. గ్యారంటీ అయిపోయాక బోర్డే కాలిపోతే? సాకెట్ ఇంకా చలామణిలో ఉంటే కొత్త బోర్డు తెచ్చుకుని అదే ప్రాసెసర్, అదే ర్యామ్ బిగించుకోవచ్చు. లేకపోతే సెకండ్‌హ్యాండ్ బోర్డుల కోసం తిరగాలి, లేదా మూడూ కలిపి కొనాలి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకిన తీరు చూశాక ఇలా మూడూ కొనే ఖర్చును చిన్నదనుకోలేం. ఎప్పుడూ అప్‌గ్రేడ్ చేయనివాళ్లకు కూడా సాకెట్ ఆయుష్షు లాభమే అనడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

కాబట్టి కొనేటప్పుడు సాకెట్ పేరు దగ్గరే ఆగకూడదు. తర్వాతి తరం కోసం పాత బోర్డులకు బయోస్ అప్‌డేట్లు ఇచ్చే అలవాటు ఆ తయారీదారుకు ఉందా అని చూడాలి. ఆ సంగతి వాళ్ల వెబ్‌సైట్‌లో, ఏ ప్రాసెసర్‌కు ఏ బయోస్ వెర్షన్ కావాలో చెప్పే పట్టికలోనే తెలిసిపోతుంది. బోర్డులో పాత బయోస్ ఉంటే కొత్త ప్రాసెసర్ పెట్టినా తెర మీద ఏమీ రాదు; అప్‌డేట్ చేద్దామంటే చేతిలో పాత ప్రాసెసర్ ఉండదు. 2018లో ఇలా ఇరుక్కున్నవాళ్లకు ఏఎండీ ఒక చవక ప్రాసెసర్‌ను అరువిచ్చి మరీ గట్టెక్కించాల్సి వచ్చింది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఇప్పుడు మధ్యశ్రేణి బోర్డుల్లోనూ దొరుకుతోంది. రంగురంగుల లైట్లకు పెట్టే డబ్బు దానికి పెడితే నయం.