ల్యాప్‌టాప్ షోరూమ్‌లోని స్పెసిఫికేషన్ కార్డు గారికి

మహారాజశ్రీ స్పెసిఫికేషన్ కార్డు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు ఏసీ చల్లదనంలో, ల్యాప్‌టాప్ పక్కన బుల్లి స్టాండులో కులాసాగా నిలబడి ఉండటం నిన్న మధ్యాహ్నమంతా కళ్లారా చూశాను. కాబట్టి క్షేమసమాచారాల జోలికి పోను. నా సంగతి తమరికి తెలిసిందే. భోంచేసి తిరుపతి గాంధీ రోడ్డులో దిగినవాణ్ణి, తిలక్ రోడ్డు మీదుగా ఎయిర్ బైపాస్ రోడ్డుకు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. ప్రతి షాపులోనూ తమరే దర్శనమిచ్చారు. ప్రతి షాపులోనూ నేనడిగింది ఒక్కటే. జవాబు చెప్పినవాడు లేడు.

ముందుగా తమరి విద్వత్తును మెచ్చుకోవాలి. ప్రాసెసర్ ఎన్నో తరందో చెప్తారు. ర్యామ్ 16 జీబీ అంటారు, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ అంటారు. తెర 15.6 అంగుళాలని దశాంశంతో సహా సెలవిస్తారు. బరువు గ్రాముల లెక్కన చెప్తారు, నేనేదో దాన్ని నెత్తిన పెట్టుకుని అలిపిరి మెట్లెక్కబోతున్నట్టు. మూత రంగుకి ఏదో చంద్రుడి పేరు, వెన్నెల పేరు తగిలిస్తారు (ఆ రంగును మా ఊళ్లో బూడిద రంగు అంటారు). ఉచిత బ్యాగు, వడ్డీ లేని వాయిదాలు, క్యాష్‌బ్యాక్, అన్నీ చెప్తారు. లోపలున్న వై-ఫై చిప్ ఏదో మాత్రం చెప్పరు.

"వై-ఫై 6" అని రాసి చేతులు దులుపుకుంటారు. అయ్యా, వై-ఫై 6 అనేది ప్రమాణం. ఆ ప్రమాణానికి చిప్‌లు చేసేవాళ్లలో ఇంటెల్ ఉంది, రియల్‌టెక్ ఉంది, మీడియాటెక్ ఉంది, క్వాల్‌కామ్ ఉంది. నాకు కావాల్సింది కంపెనీ పేరు, దాని పక్కన ఒక నంబరు. ఉచిత బ్యాగు గురించి రాసిన చోటులో సగం చాలు.

ఇంత చిన్నదానికి అంత పట్టుదల ఎందుకంటారా? నేను విండోస్ వదిలి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారాను కాబట్టి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. నా ల్యాప్‌టాప్‌ది ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 11 గడప తొక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలు, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. శుభ్రంగా పనిచేస్తున్న మిషన్ని ఒక్క తరం తేడాకి మూల పడేయమన్నారు. నేను పడేయకుండా ఉబుంటు అనే రకం లినక్స్ ఎక్కించాను. హాయిగా నడిచింది, అంతకుముందు కన్నా చురుగ్గా నడిచింది. ఎవరి కళ్లు పడ్డాయో ఏమో, మూత కీలు విరిగి, దాంతోపాటు తెరకి వెళ్లే వైరు కూడా తెగింది. "ఈ మోడల్‌కి పార్టు రాదు సామీ" అన్నాడు రిపేరు అన్న. అట్లా కొత్తది కొనే యోగం పట్టింది. అట్లా తమరి పాలపడ్డాను.

లినక్స్‌లో డ్రైవర్లు (చిప్‌ల చేత పని చేయించే ప్రోగ్రాములు) చాలామటుకు కెర్నల్‌లోనే, అంటే దాని గుండెకాయలోనే ఉంటాయి. చిప్‌కి డ్రైవర్ అందులో ఉంటే, మిషన్ ఆన్ చేసిన క్షణం నుంచి పని చేస్తుంది. సీడీ అక్కర్లేదు, సెటప్ ఫైలు అక్కర్లేదు, రీస్టార్ట్ చేయమని బతిమాలడం ఉండదు. లేకపోతే మాత్రం ఎంత కొత్త మిషనైనా, ఎన్ని వేలు పోసినా, వై-ఫై గుర్తు కనబడదు. మీడియాటెక్‌లో ఎంటీ7921 అనే చిప్ చక్కగా పనిచేస్తుంది. దాని తమ్ముడు ఎంటీ7902 చవక ల్యాప్‌టాప్‌లలో విరివిగా వచ్చింది, దానికేమో ఏళ్ల తరబడి కెర్నల్‌లో డ్రైవరే లేదు. చివరి రెండంకెలు మారితే చాలు, ఇంట్లో నెట్ లేదు. పోనీ డ్రైవర్ వెతికి దించుకుందామంటే దానికి నెట్ కావాలి. వైరు గుచ్చుదామంటే సన్నగా కనబడాలని ల్యాన్ పోర్టు తీసేశారు. చివరికి ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి, దాని నెట్‌ని వాడుకుంటూ (టెథరింగ్ అంటారు) కూర్చోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌కి పాత ఫోన్ ముష్టి వేయాలన్నమాట.

సరే, తమరు మౌనవ్రతంలో ఉన్నారు గదా అని మీ పక్కన నిలబడ్డ అబ్బాయినడిగాను.

"తమ్ముడూ, ఇందులో వై-ఫై చిప్ ఏది?"

"వై-ఫై ఉంది సార్."

"ఉంటుంది నాయనా, ఏ కంపెనీది?"

"జియో, ఎయిర్‌టెల్, ఏదైనా పట్టుకుంటాది సార్."

వాడి మీద నాకు కోపం లేదు. వాడికి తమరే గురువు. తమరి మీద ఏది రాసుంటే అదే వాడికి వేదం. లినక్స్ కోసం అని చెప్తే, "లినక్స్ అంటే ఏంది సార్, గేమా?" అన్నాడు. వాడి చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోన్. దాని అడుగున ఉన్న కెర్నల్ లినక్సే. చెప్దామనుకున్నాను గానీ, అప్పటికే వాడు ఇంకో కస్టమర్‌కి ఉచిత బ్యాగు చూపిస్తున్నాడు.

డెమో పీసులో డివైస్ మేనేజర్ (మిషన్లోని భాగాల పట్టిక) తెరవమన్నాను. అక్కడ నెట్‌వర్క్ అడాప్టర్స్ అని ఒక వరుస ఉంటుంది, దాని పక్కనున్న చిన్న బాణం నొక్కితే చిప్ పేరు, నంబరు బయటపడతాయి. అయిదు సెకన్ల పని. కానీ తెర మీద ఎవరో అమ్మాయి కొండ శిఖరం మీద ల్యాప్‌టాప్ పట్టుకుని నవ్వే వీడియో తిరుగుతోంది. దాన్ని ఆపాలంటే పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ మేనేజరు గారికి తెలుసు. మేనేజరు గారు టీకి వెళ్లారు. ఆయన వచ్చేదాకా ఆ అమ్మాయి నవ్వుతూనే ఉంది. వచ్చాక ఆయనన్నది: "డెమో సెట్టింగ్స్ ముట్టుకోకూడదు సార్." పోనీ నా పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో మిషన్ని బూట్ చేసి (అంటే ఆన్ చేసి) చూస్తాను, డిస్కు జోలికే పోను అంటే, "వైరస్ వస్తాది సార్" అన్నారు. చివరికి నా నంబరు రాసుకుని, "కంపెనీ వాళ్లనడిగి సాయంత్రానికల్లా ఫోన్ చేసి చెప్తాం" అన్నారు. ఆ సాయంత్రం ఇంకా రాలేదు.

తమరి మిగతా లీలలు కూడా విన్నవించుకుంటాను, త్వరగానే. వేలిముద్ర సెన్సర్ ఉందని గొప్పగా రాస్తారు. లినక్స్‌లో అది పనిచేస్తుందో లేదో కూడా చిప్‌ని బట్టే ఉంటుంది, ఆ చిప్ ఊసు కూడా ఎత్తరు. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియాది అని మాత్రం ఇంత లావు అక్షరాల్లో వేస్తారు. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లినక్స్‌ని పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడే, లినక్స్‌కి సహకరించదని ఆ కంపెనీ పేరెత్తి కెమెరా ముందు మధ్యవేలు చూపించాడు. ఆ తర్వాత పదేళ్లకి, 2022లో, కంపెనీ దిగొచ్చి తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు కోడ్‌ని బయటపెట్టింది. అదంతా తమరికి అక్కర్లేదు. ఇక "విండోస్ 11 ఉచితం" అని రాయడం ఉంది చూశారూ, నాకు అక్కర్లేని దాని ఖరీదును ధరలో కలిపేసి, మళ్లీ ఉచితమనడం తమరికే చెల్లింది. విండోస్ లేనిది ఇవ్వండి అంటే ఒక షాపులో "డాస్ పీసుంది" అన్నారు. బతికాను అనుకునేలోపు, "కంగారు పడొద్దు సార్, విండోస్ క్రాక్ మేమే ఫ్రీగా వేసిస్తాం" అని దొంగ కాపీకి అభయమిచ్చారు.

ఇవన్నీ క్షమించాను. అసలు సంగతికి వస్తాను.

ఎయిర్ బైపాస్ రోడ్డు షాపులో ఓ పుణ్యాత్ముడు డెమో పీసులో డివైస్ మేనేజర్ తెరిచాడు. బాణం నొక్కాడు. ఇంటెల్! వాళ్ల వై-ఫై కార్డుల (చిప్ బిగించిన చిన్న పలకల) డ్రైవర్‌ని కంపెనీయే రాసి కెర్నల్‌లో పెడుతుంది. అక్కడికక్కడే కార్డు గీకడానికి సిద్ధపడి, "ఇదే ఇవ్వండి" అన్నాను.

"ఇది డెమో సార్. మీకు సీల్డ్ పెట్టె ఇస్తాం."

"అందులోనూ ఇదే చిప్ ఉంటుందా?"

"సేమ్ మోడల్ సార్."

ఇక్కడే ఉంది తిరకాసంతా. ఒకే మోడల్ నంబరు మీద, ఒకే ధరకి, ఒకే స్పెసిఫికేషన్ కార్డు నీడన, ఏ బ్యాచ్‌కి ఏ వై-ఫై కార్డు దొరికితే అది పెట్టి పంపడం ఈ వ్యాపారంలో మామూలే. కావాలంటే ల్యాప్‌టాప్‌ల సర్వీస్ మాన్యువల్ తీసి విడిభాగాల పట్టిక చూడండి. వై-ఫై మాడ్యూల్ అన్న చోట ఇంటెల్‌ది ఒకటి, రియల్‌టెక్‌ది ఒకటి, మీడియాటెక్‌ది ఒకటి వరసగా కనబడతాయి. అంటే తయారుచేసినవాడికి తెలుసు. రిపేరు చేసేవాడికి తెలుసు. డబ్బిచ్చేవాడికి మాత్రం తెలియకూడదు. పెట్టె తెరిచి చూపించమన్నాను. "సీలు తీస్తే కొన్నట్టే సార్" అన్నాడు.

తెలియాలంటే తీయాలి, తీస్తే కొనాలి, కొన్నాక తెలిస్తే వాపసు తీసుకోరు. ఇదేం న్యాయమోయ్? ఇక తమరు, గారు నా వల్ల కాదు. మా ఊళ్లో లడ్డూకే దిట్టం ఉంది. శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, చక్కెర ఎంత, యాలకులు ఎంత అని రాసిపెట్టి, ఆ లెక్క ప్రకారమే పోటు అనే వంటశాలలోకి సరుకు పంపుతారు. కొండంత జనానికి చేసే ప్రసాదానికి లెక్క ఉంది, అరవై వేలు పోసి కొనే డబ్బాకి లేదా? ఏ రోజు ఏది దొరికితే అది వేసి, పైన నీ మొహం అంటించి "సేమ్ మోడల్" అంటే సరిపోతుందా? నీ మీద చోటు లేదని మాత్రం చెప్పకు. ఆ కొండ మీద నవ్వే అమ్మాయి బొమ్మకి సగం కార్డు ఇచ్చావు!

పోనీ కొన్నాక వై-ఫై కార్డు మార్చుకుందామా అంటే, మార్చుకోవచ్చు. ఇంటెల్ ఏఎక్స్210 అనే కార్డు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. ఒక స్క్రూ, రెండు సన్నటి యాంటెన్నా వైర్లు, అంతే. దాని పక్కనే ఏఎక్స్211 అని ఇంకోటి ఉంటుంది, అది ఇంటెల్ ప్రాసెసర్లతో తప్ప పనిచేయదు, చూసుకుని కొనాలి. కానీ నేను కొనే మిషన్లో వై-ఫై కార్డుని బోర్డుకే సోల్డర్ చేసేశారా, లేక స్క్రూతో బిగించారా? అదీ నువ్వు చెప్పవు. మూత విప్పితే వారంటీ సంగతేమిటో షాపువాడు చెప్పడు.

ఉబుంటు వాళ్లు పరీక్షించి సరే అన్న ల్యాప్‌టాప్‌ల జాబితా ఒకటుంది. ఏ మోడల్‌లో ఏ చిప్‌ని పరీక్షించారో అందులో వివరంగా ఉంటుంది. అందులో చాలావరకు ఆఫీసుల కోసం చేసినవి, దిట్టమైన కీలుతో, గ్లామర్ లేకుండా. వాటిని మా ఊరి షోరూముల్లో పెట్టరు. అయితే ఏం, ఆఫీసులు వాడి వదిలేసినవి చెన్నై రిచీ స్ట్రీట్‌లో గుట్టలుగా ఉంటాయి. అక్కడ తెలిసినవాణ్ణి ఒకణ్ణి వాట్సాప్‌లో అడిగాను. అతను మాట్లాడింది సగం అరవం, సగం తెలుగు. పది నిమిషాల్లో అడుగు మూత విప్పి, వై-ఫై కార్డు మీది లేబుల్‌ని ఫోటో తీసి పంపాడు. అక్షరాలు కొంచెం మసకగా ఉన్నా ఇంటెల్ అని స్పష్టంగా చదవొచ్చు. పెన్‌డ్రైవ్ తెచ్చుకో, నువ్వే బూట్ చేసి చూసుకో అన్నాడు. వాడిన సరుకు, బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో చెప్పలేం, బిల్లు అడిగితే మొహం చిట్లిస్తారు, అవన్నీ నాకూ తెలుసు. అయినా ఎల్లుండి బస్సెక్కుతున్నాను. అక్కడ నీలాంటి కార్డు ఒక్కటీ ఉండదట, అదొక్కటే చాలు నాకు.

ఇట్లు,
సీలు తీయకుండా వెనక్కొచ్చిన ఒక తిరుపతి వాసి

తా.క.: ఇది పోస్ట్ చేస్తుండగా షోరూమ్ నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మీరడిగింది కంపెనీ వాళ్లతో మాట్లాడి కనుక్కున్నాం. వై-ఫై ఉందంట."