గెడ్డ అంటే గడ్డం కాదు మహాప్రభో!

మహారాజశ్రీ గురువారం పదకొండు గంటల రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమం గారికి,

విజయనగరం నుంచి మీ నిత్యశ్రోత నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, మీరు కులాసాగానే ఉన్నారని మీ నవ్వు వింటేనే తెలుస్తోంది. నా సంగతే నిన్నటి నుంచి బాగాలేదు.

నిన్న "మన ఊరు, మన నీళ్లు, మీ మాట" అన్నారు. ఆ చివరి ముక్క నమ్మి నలభై ఒక్క నిమిషాలు లైన్లో ఉన్నాను. ఈలోపు మీ అతిథిగారు చిన్నప్పుడు ఏ చెరువులో ఈత నేర్చుకున్నదీ, ఎవరు నేర్పిందీ, ఆ రోజు ఇంట్లో ఏం కూర చేసిందీ అంతా చెప్పారు. రెండు పాటలు, ఒక బంగారం కొట్టు, మళ్లీ ఒక పాట. నా వంతు వచ్చేసరికి "సార్, మీ రేడియో సౌండ్ తగ్గించండి, క్లుప్తంగా చెప్పండి" అన్నారు. తగ్గించాను. క్లుప్తంగానే చెప్పాను. "మా వీధి వెనకాల గెడ్డ పూడిపోయిందండీ, అరగంట వాన పడితే నీళ్లు ఇంట్లోకి వచ్చి మంచం కోళ్లు మునుగుతున్నాయి" అన్నాను.

"గడ్డమా సార్?" అన్నారు మీరు.

గడ్డం కాదమ్మా, గెడ్డ అన్నాను. "భలే క్యూట్‌గా ఉందండీ మీ యాస, ఇంకోసారి అనండి ప్లీజ్" అన్నారు. నేనేమో అన్నాను. బుద్ధిలేనివాడిని, నిజంగానే ఇంకోసారి అన్నాను. అతిథిగారు కూడా నవ్వారు. "మీకోసం ఒక చక్కటి పాట" అని లైన్ తీసేశారు. చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని నిలబడిపోయాను. వంటింట్లో నా రేడియో గొంతు విన్న మా అమ్మ గరిటె పట్టుకుని వచ్చి, "ఏటిరా, గెడ్డం గీయించుకోమన్నారేటి?" అంది. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర నా పేరు మారిపోయింది. అది మీకు చెప్పను, వచ్చేవారం దానిమీద కూడా నవ్వుతారు.

అయ్యా, గెడ్డ అంటే వాగు. పాచిపెంట దగ్గర ప్రాజెక్టు పేరు పెద్దగెడ్డ. అటు పార్వతీపురం వైపు వట్టిగెడ్డ ఉంది, దాని కింద పొలాలున్నాయి, ఆ పొలాల్లో పండిన బియ్యం మీ అతిథిగారి ఈత కథలోని అన్నంలో కూడా ఉండే ఉంటుంది. సర్కారు కాగితాల్లో ఉన్న మాట, బోర్డుల మీద ఉన్న మాట, ఇక్కడి గాలిలో పలికే మీకొక్కరికే తెలియకపోవడం ఎలా కుదిరింది? తెలియకపోతే పోనీ, "అంటే ఏమిటండీ?" అని అడిగితే సరిపోయేది కదా. క్యూట్ అంటారా? మా ఇంట్లోకి బురద వస్తోందంటే, బురద ఎంత ముద్దుగా ఉందో అన్నట్టు!

ఆగస్టు 29న మీరే కదా పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగు భాషా దినోత్సవం అని ఊదరగొట్టింది? ఆ రోజు ఎవరి పుట్టినరోజో మీ స్క్రిప్టులో రాసే ఉంటుంది. 1863లో మన శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారిది. జనం మాట్లాడే మాటే రాతలో ఉండాలని కొట్లాడిన మనిషి. కొండ మీది సవరల భాష పనిగట్టుకుని నేర్చుకుని నిఘంటువు కూడా తయారుచేశాడు. ఆయన ఒక భాషనే నేర్చుకున్నాడు, మీకు ఒక్క మాట బరువైపోయింది. మళ్లీ ఆయన ఫొటోకి దండ వేసి, ఆ కార్యక్రమమంతా "మాతృభాషా మాధుర్యం" అంటూ ఎవరి ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని తెలుగులో నడిపిస్తారు.

గాలిలో తిరిగే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆస్తిలో నిన్న నా వాటాకి వచ్చింది నలభై సెకన్లు. అందులో ముప్పై గడ్డానికే పోయాయి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి పల్లెటూరి ఆడవాళ్లు సంఘం రేడియో నడుపుతున్నారు. విత్తనాల గురించీ జొన్నల గురించీ వాళ్ల యాసలోనే మాట్లాడుకుంటారు. అక్కడ ఫోన్ చేసి గెడ్డ అంటే వాళ్లకీ తెలియకపోవచ్చు, కానీ నవ్వరని నా నమ్మకం.

ఇంకోటి. ఆమధ్య శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒకావిడ ఊళ్లో కిడ్నీ జబ్బుల గురించి ఫోన్ చేస్తే, రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగమన్నారు మీ డాక్టరుగారు. "ఏ నీళ్లు బాబూ?" అని ఆవిడ అడుగుతూ ఉండగానే పాట వేశారు. అది నేను మర్చిపోలేదు. "అధికారుల దృష్టికి తీసుకెళ్తాం" అన్న మీ మాట గురించి ఏమీ అనను. ఆ దృష్టి ఎక్కడుంటుందో మీకూ తెలియదు పాపం.

మరి ఇంత కోపం ఉన్నవాడివి ఎందుకు వింటున్నావు అంటారేమో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను కొట్టినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ల సంగతి సరేసరి. మా నాన్న పాత రేడియోలో సెల్స్ ఎండలో పెట్టి మళ్లీ వేసి వినిపించేవాడు. వరండాలో పదిమందిమి చుట్టూ కూర్చునేవాళ్లం. ఎవరో ఒకాయన బొంగురు గొంతుతో, "గెడ్డలు పొంగుతున్నాయి, దాటొద్దు బాబూ" అని చెబుతూనే ఉన్నాడు. ఆ గెడ్డ ఏమిటని ఆ వరండాలో ఒక్కరూ అడగలేదు. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో కనుక్కుని గురువారం పదకొండింటికి కూర్చోబెట్టండి.

అప్పటిదాకా నేనే చేస్తాను. వచ్చే గురువారం పదిన్నరకే లైన్లో ఉంటాను, రేడియో కట్టేసే ఉంటాను. గెడ్డ ఇంకా అలాగే ఉంది. అమ్మ మాత్రం, ముందు గెడ్డం గీయించుకుని అప్పుడు ఫోన్ చెయ్యమంటోంది.

ఇట్లు,
నలభై ఒక్క నిమిషాల శ్రోత