పిన్ను రాసిన ప్లాస్టరు

ఉద్యోగం ఏందిరా అని ఊళ్ళో ఎవరైనా అడిగితే తాళాలు మార్చే పని అంటాను. అబద్ధమేం కాదు. మన ప్రభుత్వ కంప్యూటర్లు నమ్ముకున్న ఆర్‌ఎస్‌ఏ అనే గూఢలిపి తాళాన్ని క్వాంటం కంప్యూటర్ విప్పేయగలదని పీటర్ షోర్ అనే గణిత శాస్త్రవేత్త 1994లోనే లెక్కగట్టి చూపించాడు. అంత సత్తా ఉన్న మిషను ఇంకా రాలేదు. వచ్చేలోగా అన్నీ మార్చాలి. ముందు ఏ ఆఫీసులో ఏ తాళం ఉందో రాసుకోవాలి. అందుకే కడప వచ్చాను.

ఏడు రోడ్ల దగ్గర కారందోశ తిని ఒక ఆఫీసుకు పోతే, సూపరింటెండెంట్ గారి డిజిటల్ సంతకం టోకెన్, అదే పెన్ డ్రైవ్ లాంటిది, పెన్నుల డబ్బాకు పసుపు దారంతో కట్టేసి ఉంది. దాని వీపున తెల్ల ప్లాస్టరు, ప్లాస్టరు మీద మార్కర్‌తో పిన్ను. చెరిగిపోకుండా పైన టేపు కూడా!

నాకు బీపీ లేచింది. అరగంట క్లాసు పీకాను. అమెరికావాళ్ళు 2024 ఆగస్టులో క్వాంటంకు లొంగని తాళాలకు కొత్త ప్రమాణాలు ఇచ్చారనీ, 256 బైట్ల సంతకం కాస్తా 3,309 బైట్లు అవుతుందనీ చెప్తే, "అంత పొడుగైతే రిజిస్టర్లో గడి చాలదు గదా సార్" అన్నారాయన. ప్లాస్టరు నేనే పీకేశాను. అక్షరాలూ అంకెలూ కలిపి పిన్ను మార్పించి, ఎక్కడా రాయొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

తెల్లారితే జీతాల బిల్లులు. ఆయన పిన్ను కొట్టారు, తప్పు. భార్య ఊరి పేరు ముందా, పెళ్ళి సంవత్సరం ముందా? మళ్ళీ తప్పు. ఆఫీసంతా కుర్చీ వెనక మూగి తలా ఒక సలహా. చివరి ఛాన్సు నేను తీసుకున్నాను, ఇంజనీరును గదా. క్యాప్స్ లాక్ వేసి ఉందని ఎంటర్ కొట్టాక చూశాను.

టోకెన్ లాకైంది. లోపల సంతకం పెట్టే రహస్య కీ బయటికి రాదు. దాని గొప్పతనమే అది. కొత్త సర్టిఫికెట్ తీసుకోవాల్సిందే.

"రేపెప్పుడో వచ్చే దొంగ కోసం తాళమేసి, ఈ పొద్దు ఇంటాయన్ని బయట నిలబెట్టినారే సార్!" అన్నాడు అటెండరు. జీతం పొద్దు దాటిన మనిషిని ఏమనగలను?

సర్టిఫికెట్ కోసం సూపరింటెండెంట్ గారు కెమెరా ముందు వీడియోలో పేరు చెప్పుకుంటుంటే, పక్కన అటెండరు కొత్త ప్లాస్టరు ముక్క కత్తిరిస్తూ గుసగుసగా అడిగాడు:

"ఈ తూరి యాడ అంటించమంటారు సార్?"