రష్యన్ 'షా' వెనుక సంస్కృత 'ష' లేదు

'రష్యన్ సంస్కృతం నుంచే పుట్టింది. వాళ్ల షా అక్షరం మన ష, శ్శా అక్షరం మన శ. వేల ఏళ్లుగా చెక్కుచెదరని ధ్వనులు!' ఫోన్లలో విరివిగా తిరిగే మాట ఇది. సంస్కృతం మీద గౌరవంతోనే చాలామంది దీన్ని పంచుతున్నారు. ఆ గౌరవం నాకూ ఉంది, అందుకే దీన్ని ఖండించక తప్పడం లేదు.

ధ్వనులు దగ్గరగా ఉన్నాయన్నది నిజం. షా పలికేటప్పుడు నాలుక కొన పైకి లేచి, వెనుక భాగం గొంతువైపు జరుగుతుంది. శ్శా పలికేటప్పుడు నాలుక మధ్యభాగం అంగిలికి చేరువవుతుంది, ధ్వని కాస్త సాగుతుంది. అంతవరకు పేచీ లేదు.

'చెక్కుచెదరలేదు' అనడం మాత్రం పూర్తిగా తప్పు. సుమారు 14వ శతాబ్ది దాకా షా తాలవ్య ఛాయ ఉన్న మెత్తని ధ్వని, ఆ తర్వాతే గట్టిపడింది. అందుకే రష్యన్ బడిపిల్లలు నేటికీ 'షి'ని ఇకారంతో రాసి, నాలుక వెనక్కి లాగే వేరే అచ్చుతో పలుకుతారు. ఇక శ్శా అక్షరాన్ని బల్గేరియన్లు 'ష్ట' అనీ, ఉక్రేనియన్లు 'ష్చ' అనీ చదువుతారు.

అసలు పొరపాటు వేరే ఉంది. భాషల బంధుత్వాన్ని తేల్చేవి క్రమం తప్పని జోడీలు. సంస్కృతంలో శ ఉన్నచోట రష్యన్‌లో స వస్తుంది: శత–స్తో, దశ–దేసిత్, శ్వేత–స్వేత్ (వెలుగు). ష ఉన్నచోట, నాలుక వెనుక గాలి ఒరుసుకుంటూ వచ్చే ఖకారం వంటి ధ్వని వస్తుంది: స్నుష (కోడలు)–స్నఖా, శుష్క–సుఖోయ్. మన వాయుసేన విమానం పేరు వినేటప్పుడు మనం వింటున్నది 'ఎండిన' అన్న ఈ మాటనే. ఇ, ఉ, ర, క తర్వాత పాత సకారం ఇలా (సంస్కృతంలో షగా, రష్యన్‌లో ఆ ఖకారంగా) మారడం సంస్కృతం, రష్యన్ చెందిన రెండు భాషా శాఖల్లోనూ కనిపించే పాత లక్షణం. చుట్టరికానికి సాక్ష్యం కావాలంటే దీన్ని చూపించాలి.

మరి మూషికం–మిష్ జోడీలో ష ఉంది కదా అంటారు. అక్కడా మొదట ఉన్నది ఆ ఖకారమే, ఇకారం ముందు షగా మారింది. నేటి రష్యన్‌లోనూ ఆ జాడ చూడవచ్చు: చెవి 'ఊఖ', చెవులు 'ఊషి'.

ఇక పుట్టుక సంగతి. సంస్కృత 'నభస్'కు రష్యన్ జోడీ 'నెబ' (ఆకాశం), గ్రీకు జోడీ 'నెఫోస్' (మేఘం). ఈ మూడింటి ఉమ్మడి మూలభాషలోని ఎకారం రష్యన్, గ్రీకు రెండింటిలోనూ నిలిచింది. సంస్కృతంలో అది అకారంలో ఎన్నడో కలిసిపోయింది. కలిసిపోయిన ఆ ఎకారం సంస్కృతం నుంచి రష్యన్‌కు చేరే దారే లేదు.