తాళం వేసి ఆడమంటారా?

ఆదివారం సాయంత్రం నగరంలోని ఓ కాలనీ పార్కు. సిమెంటు చప్టా మీద ఓ తల్లి సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసింది. ముందు కూతురు, వెనక కొడుకు, ఆ వెనక కుచ్చిళ్లు ఎగదోపుకొని నాయనమ్మ. మూడో గడి దాటకముందే వాచ్‌మన్ వచ్చాడు. ‘ఇక్కడ ఆటలు ఆడొద్దమ్మా, బోర్డు చూళ్లేదా?’ బోర్డు ఉన్నమాట నిజమే: బంతి ఆటలు నిషేధం, పచ్చికపై నడవరాదు, పన్నెండేళ్లు దాటినవారు ఊయల ఎక్కరాదు. దాని పక్కనే కొత్త ఫ్లెక్సీ: ఇంటిల్లిపాదీ రోజూ వ్యాయామం చేయండి. రెండూ కట్టించింది ఒకే కార్యాలయం!

ఈ రెండు నాల్కల ధోరణిని ఇంకెన్నాళ్లు భరించాలి? రోజూ ఒళ్లు వంచాలంటూ 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమం మొదలుపెట్టారు. ఏటా జూన్ 21న యోగా దినం. 2025లో విశాఖ తీరంలో లక్షల మందితో ఆసనాలు వేయించారు. మంచిదే. మర్నాడు చాపలు చుట్టేశాక ఆ జనం వీధి చివర ఎక్కడ ఆడుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

దేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక తేల్చింది. మగవారిలో వీరు 42 శాతమైతే ఆడవారిలో 57 శాతం. ఎందుకుండరు? వంట, ఉద్యోగం, పిల్లల హోంవర్కు ముగిసేసరికి ఆమెకు జిమ్‌కు వెళ్లే వేళ ఎక్కడ మిగులుతుంది? పిల్లలతో గడిపే ఆ గంటే ఆమెకు దక్కే వ్యాయామం. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల శ్రమ కావాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. కలిసి ఆడితే ఇద్దరి లెక్కా ఒకే గంటలో తీరుతుంది. ఆ గంటనే మనవాళ్లు బోర్డు పెట్టి నిషేధించారు.

పిల్లలకు దెబ్బలు తగులుతాయని, పచ్చిక పాడవుతుందని, నడిచేవారికి అడ్డమని అధికారులంటారు. వేళలు పంచితే తీరే ఇబ్బందులివి.

ఇక బడి మైదానాలు. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. ఉన్నచోట కూడా సాయంత్రం బెల్లు కొట్టగానే గేటుకు తాళం పడుతుంది. చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు గోడ దూకితే తిట్లు. అదే మైదానంలో రాజకీయ సభ అంటే, ఎగ్జిబిషన్ అంటే తాళం తెరవడానికి క్షణం పట్టదు. నాయకుడి కుర్చీలకు లేని భద్రతా సమస్య తండ్రీకొడుకుల షటిల్ రాకెట్లకే ఎందుకొచ్చింది? డబ్బున్నవారు గంటకింతని కట్టి బాక్స్ క్రికెట్ ఆడుకుంటారు. లేనివారి మాటేమిటి?

జనం రారనే సాకు చెప్పొద్దు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపితే పిల్లాపాపలతో కుటుంబాలు పోటెత్తాయి. జాగా ఇస్తే వస్తారు.

సాయంత్రం 5 నుంచి 8 దాకా సర్కారీ బడుల మైదానాలు తెరవాలి, లైట్లు వేయాలి, ఓ మనిషిని కాపలా పెట్టాలి. వచ్చే ఆగస్టు 29న 2కే రన్‌కు జెండా ఊపడానికొచ్చే నేతలారా, మీ డివిజన్‌లో బడి గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందు కనుక్కొని రండి. అది చేతకాకపోతే ఆ ఫ్లెక్సీ అయినా దింపించండి.