వంకాయ పువ్వు రంగు జేడ్ కూడా అసలు జేడే

పోయిన నెల ఒక రోజు పొద్దున్నే మా మేనత్త ఫోన్ చేసింది. గొంతులో వణుకు తెలుస్తోంది. "ఏమే, మీ నాయనమ్మ కమ్మలు ప్లాస్టిక్‌వట కదే. వాట్సాప్‌లో వచ్చింది, నీకూ పంపాను చూడు" అంది.

మా నాయనమ్మ వాళ్ళది రంగం వెళ్ళిన కుటుంబం. రంగం అంటే రంగూన్ అని శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. అక్కడ పెళ్ళికి పెట్టిన జేడ్ కమ్మల్ని, 1942లో యుద్ధం మీదకొస్తే ఉన్నపళంగా బయల్దేరినప్పుడు, చీర కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. వంకాయ పువ్వు రంగు రాళ్ళు, చుట్టూ సన్నటి బంగారం కట్టు. ఇప్పుడవి అత్త దగ్గరున్నాయి.

ఆ మెసేజ్ నాకు అప్పటికే మూడు గ్రూపుల్లో వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: అసలు జేడ్ ఆకుపచ్చగానే ఉంటుంది, వేరే రంగులన్నీ నకిలీ. గాజు మీద గీస్తే గీత పడాలి, ముట్టుకుంటే చల్లగా ఉండాలి, దారం చుట్టి నిప్పు పెడితే దారం కాలకూడదు. ఇండియన్ జేడ్ కూడా జేడే, చవగ్గా దొరుకుతుంది కాబట్టి అదే కొనుక్కోండి. గుండ్రటి బిళ్ళ కమ్మలే సంప్రదాయం, లోలాకులూ రింగులూ ఈమధ్య వచ్చిన ఫ్యాషన్. రెండు కమ్మలూ ఒకే రంగులో ఉంటే అవి అచ్చు పోసినవి. వేసుకున్నాక రంగు మారితే మన రోగాన్ని రాయి లాగేసుకున్నట్టు.

ముందు రంగు సంగతి తేలుద్దాం, మా అత్తని ఏడిపించింది అదే కాబట్టి.

జేడ్ అనేది ఒక్క రాయి పేరు కాదు. నెఫ్రైట్, జేడైట్ అనే రెండు వేర్వేరు ఖనిజాలను కలిపి అలా పిలుస్తున్నాం. రెండూ వేరని తేల్చింది ఫ్రాన్స్‌కు చెందిన ఖనిజ శాస్త్రవేత్త అలెక్సిస్ దామూర్, 1863లో. ఏ కల్తీ లేని జేడైట్ తెల్లగా ఉంటుంది. అందులో కాస్త క్రోమియం చేరితే ఆ మెరిసే ఆకుపచ్చ వస్తుంది. మాంగనీస్ చేరితే ఊదా వస్తుంది. రాతి పైపొరల్లోకి తుప్పులాంటి ఇనుము దిగితే తేనె రంగో, ఎర్ర మట్టి రంగో వస్తుంది. నలుపూ ఉంది. నెఫ్రైట్‌లో అయితే పాలకూర లాంటి ముదురు పచ్చ, పసుపు, నలుపు, తెలుపు దొరుకుతాయి. చైనాలో వేల ఏళ్ళపాటు అన్నిటికన్నా మిన్నగా చూసింది ఆకుపచ్చను కాదు, ఇప్పటి పశ్చిమ చైనాలోని ఖోటాన్ నదుల్లో దొరికే తెల్లటి నెఫ్రైట్‌ను. అందులో మేలైనదాన్ని వాళ్ళు గొర్రె కొవ్వుతో పోలుస్తారు, రంగూ నునుపూ అలా ఉంటాయని. బర్మా నుంచి ఆకుపచ్చ జేడైట్ చైనాకు పెద్ద ఎత్తున వెళ్ళడం 18వ శతాబ్దం నాటి మాట. మన దగ్గర చూసినా, 1657లో షాజహాన్ కోసం చెక్కిన పాత్ర తెల్ల నెఫ్రైట్‌దే. ఒక చివర సొరకాయలా మొదలై రెండో చివర మేక తలగా ముగుస్తుంది, ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు అంత దూరం పోనక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ వస్తువులకు ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. ఒకసారి వెళ్ళి కళ్ళారా చూస్తే ఈ ఆకుపచ్చ మాట ఇంకెవరూ అనరు.

మన తెలుగులో ఇంకో చిక్కుంది. పచ్చ అంటే మనకు మరకతం. జేడ్ పచ్చగా కనబడేసరికి ఆ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. మరకతం బెరిల్ జాతి రాయి, దాని పుట్టుకే వేరు.

మెసేజ్‌లో ఒక మాట మాత్రం పూర్తిగా కొట్టిపారెయ్యలేను. రంగు వేసిన ఊదా రాళ్ళు బజార్లో నిజంగానే చాలా ఉన్నాయి. కానీ రంగు వేసిన ఆకుపచ్చ రాళ్ళూ తక్కువేం కాదు. ఏ రంగన్నదాన్ని బట్టి అసలో నకిలీయో తేలదు.

ఇక ఇంట్లో చేసుకోమన్న పరీక్షలు. వీటి మీదే నాకు ఎక్కువ కోపం, ఎందుకంటే వీటివల్ల నగలు పాడవుతాయి.

ఏ రాయి దేన్ని గీస్తుందో చెప్పే మోస్ కొలతలో గాజు గట్టిదనం సుమారు 5.5. నెఫ్రైట్ 6 నుంచి 6.5, జేడైట్ 6.5 నుంచి 7. కాబట్టి జేడ్ గాజును గీస్తుంది, నిజమే. కానీ మామూలు క్వార్ట్జ్ (పలుగురాయి) గట్టిదనం 7, అది ఇంకా బాగా గీస్తుంది. జేడ్ పేరుతో తరచూ అంటగట్టేవాటిలో రంగేసిన క్వార్ట్జ్ ఒకటి. అంటే ఏ మోసం నుంచి కాపాడుతుందని ఈ పరీక్ష చెప్పారో, ఆ మోసమే ఇందులో పాసైపోతుంది. చల్లదనమూ అంతే, క్వార్ట్జ్ కూడా చేతికి చల్లగానే తగులుతుంది. దారం పరీక్ష మరీ అన్యాయం. గట్టిగా చుట్టిన దారంలోని వేడిని ఏ రాయైనా లాగేసుకుంటుంది, అందుకే దారం వెంటనే అంటుకోదు. మీ పెరట్లో గులకరాయికి చుట్టి చూసినా అదే జరుగుతుంది. పైగా జేడ్‌కు మెరుపు కోసం మైనం పట్టిస్తారు, కొన్నింట్లో రెసిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) కూడా ఎక్కిస్తారు. మంట తగిలితే రెండూ పాడే.

మా అత్త ఆ మెసేజ్ చదివి కిటికీ అద్దం మీద గీసింది. అద్దం మీద గీత పడింది, రాయికి ఏమీ కాలేదు. కానీ రాయి చుట్టూ ఉన్న బంగారం మెత్తనిది కదా, అంచు ఒక పక్క నలిగి లోపలికి వంగిపోయింది. ఎనభై ఏళ్ళు పైబడిన కట్టు అది.

నేను వెళ్ళి ఆ జత తీసుకుని రత్నాలు పరీక్షించే ల్యాబ్‌కు పట్టుకెళ్ళాను. బంగారంలో బిగించిన రాయి సాంద్రత చూడటం కుదరదు, తూకంలో బంగారం కూడా కలిసిపోతుంది. అందుకని రాయి పైభాగం మీద కాంతి ఎంత వంగుతుందో కొలిచారు. జేడైట్‌కు అది 1.66 దగ్గర ఉంటుంది, నెఫ్రైట్‌కు 1.61, క్వార్ట్జ్‌కు 1.55 దగ్గరే. మావి 1.66 చూపించాయి. రెసిన్ ఎక్కించారేమో తెలియడానికి ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. భూతద్దంలో నన్నూ చూడనిచ్చారు. చిన్న చిన్న గింజలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు కనబడింది, ఊదా రంగు ఆ గింజల్లోనే మబ్బులా పరుచుకుని ఉంది. రంగు వేసిన రాయిలో అయితే అది గింజల మధ్య సందుల్లోనూ పగుళ్ళలోనూ గీతలు గీతలుగా పేరుకుంటుందట.

వ్యాపారులు వాడే గుర్తులు కొనేవాళ్ళకి తెలిసి ఉండాలి. మైనం మెరుపు తప్ప ఇంకే మార్పూ లేనిది టైప్ ఎ. యాసిడ్‌లో నానబెట్టి మరకలు తీసేసి రెసిన్ నింపినది టైప్ బి. రంగు వేసినది టైప్ సి. ఈ రెండు పనులూ చేసినవీ ఉంటాయి. టైప్ బి రాయి కూడా పుట్టుకతో జేడే, కానీ దాని ధరా మన్నికా వేరు. ఏ రకమో బిల్లు మీద రాసిమ్మని అడగండి.

"ఇండియన్ జేడ్ కూడా జేడే" అన్నది ఆ మెసేజ్‌లోకెల్లా నష్టం చేసే అబద్ధం. అది అవెంచురిన్, అంటే ఫుక్సైట్ అనే పచ్చ అభ్రకం రేకులు కలిసిన క్వార్ట్జ్. వెలుగులో కాస్త తిప్పి చూస్తే ఆ రేకులు తళుక్కుమంటాయి. మలేసియా జేడ్ పేరుతో అమ్మేది రంగేసిన క్వార్ట్జ్. న్యూ జేడ్ అంటే సర్పెంటైన్ అనే వేరే రాయి. అందంగా ఉన్నాయనిపిస్తే వాటి ధరకు వాటిని కొనుక్కోండి, జేడ్ ధర మాత్రం పెట్టకండి.

గుండ్రటి బిళ్ళే సంప్రదాయమా? చైనా ఈశాన్యంలోని షింగ్‌లాంగ్‌వా సమాధుల్లో దాదాపు 8000 ఏళ్ళ నాటి జేడ్ చెవి నగలు దొరికాయి, అస్థిపంజరాల చెవుల దగ్గరే. అవి బిళ్ళలు కావు, ఒక పక్క చీలిక ఉన్న రింగులు. మధ్య అమెరికాలో మాయా రాజులు పెట్టుకున్నవి పువ్వులా విచ్చుకున్న పెద్ద పెద్ద జేడైట్ చెవి పూలు. న్యూజిలాండ్ మావోరీలు పొడవాటి పచ్చ నెఫ్రైట్ పుల్లని చెవికి వేలాడదీసుకుంటారు, దాన్ని కురు అంటారు. ఫిలిప్పీన్స్, వియత్నాం తీరాల్లో తైవాన్ నెఫ్రైట్‌తో చేసిన రెండు తలల జంతువు లోలాకులు తవ్వకాల్లో బయటపడ్డాయి. అవి సుమారు 2000 ఏళ్ళ కిందటివి. రింగులూ లోలాకులూ కొత్త ఫ్యాషన్ అన్నవాళ్ళు ఇవేవీ చూడలేదు. మధ్యలో రంధ్రం ఉన్న బిళ్ళ చైనా వాళ్ళకి ఇష్టమైన ఆకారమే, ఎన్నో ఆకారాల్లో అదొకటి. ఉబ్బెత్తుగా నున్నగా చేసిన దుద్దులు ఎక్కువ కనబడటానికి కారణం వేరే ఉంది. జేడ్ అందం వజ్రంలా ముఖాలు చెక్కితే వచ్చే మెరుపులో లేదు, లోపల్నుంచి వచ్చే మసక వెలుగులో ఉంది, దానికి నున్నటి ఉబ్బు బాగా నప్పుతుంది.

జత ఒకేలా ఉంటే అచ్చు పోసినవి అనడం కూడా తప్పే. ఒకే ముక్కలో పక్కపక్కన కోసిన రాళ్ళు ఒకేలా వస్తాయి. అలాంటి జత కుదరడం కష్టం కాబట్టే ధర ఎక్కువ పలుకుతుంది. మా నాయనమ్మ కమ్మల్లో ఎడమదానికి కింద చిన్న తెల్ల మచ్చ ఉంది, కుడిదానికి లేదు. మచ్చ ఉన్నందుకు అసలివి కాలేదు, లేకపోయినా నకిలీవి అయ్యేవి కావు.

రోగం లాగేసుకోవడం గురించి జాగ్రత్తగానే చెప్తాను, ఇది చాలామంది నమ్మకం. జేడ్ అనే పేరే ఇలాంటి నమ్మకం నుంచి వచ్చింది. స్పానిష్ వాళ్ళు దీన్ని పక్కనొప్పి రాయి అన్నారు, లాటిన్‌లో కిడ్నీ రాయి అన్నారు, నెఫ్రైట్ అన్న మాట అక్కడిదే. మొఘలుల కాలంలో మన దేశంలో గుండె దడకు దీన్ని తాయెత్తులా మెడలో వేసుకునేవారు. ఆ చరిత్ర నాకూ ఇష్టమే. కానీ కమ్మ రంగు మారిందంటే కారణం మన ఒంట్లో ఉండదు. రెసిన్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, వేసిన రంగు వెలుగుకు వెలిసిపోతుంది, మైనం అరిగి మెరుపు తగ్గుతుంది. ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రాయి చూసుకుంటుందిలే అని ఎవరైనా ఆగిపోతారేమోనని నా భయం.

నలిగిన అంచు బాగుచేయించడానికి మా ఊళ్ళో పాత కంసాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దీపం వెలిగించకముందే రాళ్ళు రెండూ ఊడదీసి గుడ్డలో చుట్టి అత్త చేతికిచ్చాడు. "దీనికి సెగ తగలకూడదమ్మా, ద్రావకమూ తగలకూడదు. గోరువెచ్చని సబ్బు నీళ్ళు చాలు" అన్నాడు. కట్టు సరిచేసి రాళ్ళు మళ్ళీ బిగించేదాకా అత్త ఆ గుడ్డ మూట గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది.